తీసేసిన పోస్టు

హారిక రాసిన పోస్టును దీవెన శుక్రవారం మధ్యాహ్నం చదివింది. చదివాక కుర్చీలో వెనక్కి వాలి, ఇంకోసారి చదివింది. తర్వాత దాన్ని అప్రూవ్ చేసి, మిగిలిన పోస్టులన్నిటికీ పైన కనిపించేట్టు పెట్టి, హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని అవనిగడ్డ బస్సు కోసం బయల్దేరింది.

అది రెండువేల ఎనిమిదో సంవత్సరం. బందరు ఊరి చివర ఉన్న ఆ ఇంజినీరింగు కాలేజీలో దీవెన ఇంగ్లీషు లెక్చరరు. ఆ ఏడే కాలేజీ వాళ్ళు ల్యాబులో సర్వరు పెట్టి, ఒక్కో క్లాసుకి ఒక చర్చా వేదిక తెరిచారు. లెక్చరరు ఒక విషయం ఇస్తే పిల్లలు దాని మీద పోస్టులు రాయాలి, ఒకరి పోస్టుకి ఒకరు జవాబులు రాయాలి. ఇంటర్నల్ మార్కులు కూడా పెట్టారు. ఎవరు ఏం రాసినా ముందు దీవెనకే వస్తుంది. ఆమె చదివి సరేనంటే అందరికీ కనపడుతుంది, లేకపోతే లేదు. రెండో సంవత్సరం కంప్యూటర్స్ వాళ్ళ క్లాసుకి ఆమె మోడరేటరు.

మొదట్లో ఆ పని ఆమెకి సరదాగానే ఉండేది. బూతులు, ఆడపిల్లల పేర్లతో వెకిలి మాటలు, సినిమా హీరోల అభిమానుల తగాదాలు - వచ్చినవి వచ్చినట్టే ఆపేసేది. వారం పది రోజుల్లో పిల్లలు దారిలో పడ్డారు. కానీ దారిలో పడ్డాక అందరూ ఒకటే రాయడం మొదలుపెట్టారు. గుడ్ పోస్ట్. నైస్ ఇన్ఫర్మేషన్. థాంక్యూ ఫర్ షేరింగ్. ఎవడో నెట్ సెంటర్లో కూర్చుని ఎక్కడినుంచో ఎత్తి రాసిన పేరా, దాని కింద ఇరవైమంది థాంక్యూలు. అందుకే ఆమె ఆ నెల "మా ఊళ్ళో నేను కళ్ళారా చూసింది" అని విషయం ఇచ్చింది. ఎత్తి రాయడానికి వీల్లేకుండా.

అప్పుడు హారిక రాసింది.

హారికది గిలకలదిండి. సైకిలు మీద వచ్చేది. మూడో బెంచీలో గోడవైపు కూర్చునేది. అటెండెన్సు పిలిచినప్పుడు తప్ప ఆ పిల్ల గొంతు దీవెన ఎప్పుడూ వినలేదు. ఆ పిల్ల సునామీ రోజు గురించి రాసింది. క్రిస్మస్ మర్నాడు, ఆదివారం పొద్దున. వాళ్ళ తమ్ముడు సముద్రం ఒడ్డున క్రికెట్ ఆడుతున్నాడు. టిఫినుకి పిలుచుకు రమ్మని అమ్మ పంపింది. తను వెళ్ళి పిలిచింది. ఇంకొక్క ఓవరు అన్నాడు. సరేలే అని వెనక్కి తిరిగి వచ్చేసింది. దారిలో ఉండగా వెనక కేకలు వినిపించాయి. వాణ్ణి మర్నాడు మడచెట్ల మధ్య చూశారు. అంతే రాసింది. అయ్యో అనీ, దేవుడా అనీ ఒక్క మాట లేదు. ఇంగ్లీషు మాత్రం అడుగడుగునా తప్పులు. సముద్రం లోపలికి వచ్చేసింది అనడానికి "సీ ఈజ్ కేమ్ ఇన్‌సైడ్" అని రాసింది. తప్పుల్ని దిద్దుదామని దీవెన ఒకసారి అనుకుంది. చెయ్యి రాలేదు. అలాగే ఉంచింది.

అవనిగడ్డలో వాళ్ళ అమ్మానాన్నల ఇంట్లో కంప్యూటరు లేదు. శని, ఆదివారాలు ఆమె ఆ సంగతి మళ్ళీ చూడలేదు. తను మంచి విషయం ఇచ్చానని, ఒక పిల్ల నోరు విప్పిందని మాత్రం మనసులో అనుకుంటూనే ఉంది.

సోమవారం పొద్దున్నే ల్యాబు తెరిపించి వేదికలోకి వెళ్ళింది. ప్రతి పోస్టు కిందా నొక్కడానికి మూడు చిన్న బొమ్మలు ఉంటాయి. చప్పట్లు, నవ్వు మొహం, కిందికి తిప్పిన బొటనవేలు. మాటలు రాస్తే దీవెన దగ్గర ఆగుతాయి గానీ ఈ బొమ్మలు ఎక్కడా ఆగవు. నొక్కగానే పడిపోతాయి. హారిక పోస్టు కింద చప్పట్లు నాలుగో ఐదో ఉన్నాయి. నవ్వు మొహాలు క్లాసులో సగం మంది నొక్కారు.

బొమ్మ మీద నొక్కితే పేర్లు వస్తాయి. దీవెన పేర్లు చదివింది. వెనక బెంచీ మగపిల్లలు ఉంటారని ముందే అనుకుంది. వాళ్ళు ఉన్నారు. బుద్ధిగా నోట్సు రాసుకునే మాధవి ఉంది. ఆదివారం చర్చిలో గిటారు వాయించే అభిషేక్ ఉన్నాడు. మధ్యలో నాని పేరు ఉంది. నానిది కూడా గిలకలదిండే. ఆ సంగతి కాలేజీలో చాలామందికి తెలియదు. అడ్మిషను కాగితాలు చూసింది కాబట్టి దీవెనకి తెలుసు.

ఒక్కరు కూడా ఒక్క మాట రాయలేదు. రాసి ఉంటే ఆమె ఆపేసి ఉండేది.

తొమ్మిదిన్నరకి ఆ క్లాసుకి ల్యాబు ఉంది. హారిక వచ్చి ఈ కంప్యూటర్లలోనే ఒకదాని ముందు కూర్చుంటుంది. సర్వరు చూసుకునే అప్పారావు ఇంకా రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. బయట బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది. దీవెన పోస్టు మీదికి వెళ్ళి, తీసేయమని నొక్కింది. నిజంగా తీసేయాలా అని అడిగింది. అవునని నొక్కింది. పోస్టూ, దాని కింద నవ్వులూ అన్నీ ఒక్కసారే పోయాయి. ఆమెకి ప్రాణం కుదుటపడింది.

ల్యాబు అయిపోయి అందరూ వెళ్ళాక హారిక ఆమె బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడమ్, నా పోస్టు కనిపించట్లేదండి."

"నేనే తీశానమ్మా."

"నేనేం తప్పు రాశానండి?"

"నీ తప్పేం లేదు. కింద కొందరు పిచ్చి బొమ్మలు పెట్టారు. అవి నీ కంట పడకూడదని తీశాను."

"శనివారమే చూశానండి," అంది హారిక. శనివారం దీవెనకి క్లాసుల్లేకపోయినా కాలేజీ ఉంటుంది. ఆ మాట దీవెనకి అప్పటిదాకా తట్టలేదు. "ల్యాబులో అందరూ ఉండగానే చూశాను. నా పక్క సిస్టమ్ మీద కూడా అదే తెరిచి ఉందండి."

దీవెన బల్ల మీది అటెండెన్సు రిజిస్టరు మూసింది.

"వాళ్ళందరి పోస్టులూ ఉన్నాయి కదండీ," అంది హారిక. కోపంగా అనలేదు. లెక్క అర్థం కానప్పుడు అడిగినట్టు అడిగింది. "నాదొక్కటే లేదు."

"నీ దగ్గర కాపీ ఉంటే..."

"లేదండి. ఇక్కడే టైపు చేశాను. రెండు మూడు ల్యాబుల్లో కొంచెం కొంచెంగా."

"మళ్ళీ రాస్తావా? ఈసారి నేను చూసుకుంటాను."

"మళ్ళీనా అండి?" అని హారిక ఆమె మొహంలోకి చూసింది. తర్వాత చున్నీ సర్దుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అప్పారావు వచ్చాడు. సంగతి విని తల గోక్కున్నాడు. "తీసేసింది మళ్ళీ రాదండి. బ్యాకప్పు పదిహేను రోజులకోసారి తీస్తాను, అందులో ఇది ఉండదు. నాకోసం ఆగితే బొమ్మలు ఆపేసేవాణ్ణి కదండీ. ఒక్క టిక్కు తీసేస్తే సరిపోయేది. పోస్టు పోస్టులాగే ఉండేది."

దీవెన బొమ్మలు ఆపేయమని చెప్పి, హెచ్.ఓ.డి. సాంబశివరావు గారి గదికి వెళ్ళింది. ఆయన కోపం లేని మనిషి. పిల్లలకి జ్వరం వస్తే తన కారులో ఇంటికి పంపించేవారు. ఆమె చెప్పిందంతా విన్నారు.

"ఆ నవ్వు బొమ్మ మనమే ఇచ్చాం కదమ్మా. ఇచ్చినదాన్ని నొక్కారు. ఏమని మెమో ఇస్తాం?"

"చచ్చిపోయిన పిల్లవాడి గురించి సార్ అది."

"ఆ ఇంగ్లీషు చూసి నవ్వి ఉంటారు. చావు చూసి ఎవరు నవ్వుతారు?"

"రెండూ ఒకచోటే ఉన్నాయి కదా సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నెలాఖరుకి కాలేజీ గుర్తింపు కమిటీ వస్తోంది. వాళ్ళకి మనం చూపించేదే ఈ వేదిక. ఇప్పుడు ఎంక్వయిరీ అంటే సగం క్లాసుని నిలబెట్టాలి. పెద్దవాళ్ళ పిల్లలు కూడా ఉంటారు. పేర్లు ఎత్తకుండా క్లాసులో గట్టిగా మందలించండి. ఆ అమ్మాయికి నష్టం లేకుండా మార్కులు వేసేయండి. బొమ్మలు మాత్రం కమిటీ వచ్చేసరికి మళ్ళీ పెట్టించాలి. ఇంటరాక్షను ఉందా అని చూస్తారు."

మర్నాడు దీవెన క్లాసులో మందలించింది. ఎవరి పేరూ ఎత్తలేదు. ఒక మనిషి తన ఇంట్లో చావు గురించి రాస్తే నవ్వడం చదువుకున్నవాళ్ళు చేసే పని కాదంది. అందరూ తలలు దించుకున్నారు. హారిక కూడా దించుకుంది. అప్పటిదాకా ఆ పోస్టు చదవని వాళ్ళకి కూడా అది ఎవరిదో అప్పుడు తెలిసింది. దీవెన పుస్తకాలు సర్దుకుని గుమ్మం దాటుతుండగా వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు.

"సీ ఈజ్ కేమ్."

కొందరు నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆమె వెనక్కి తిరిగింది. అన్ని మొహాలూ పుస్తకాల్లో ఉన్నాయి.

ఆ వారమంతా ఆ మాట కాలేజీలో తిరిగింది. హారిక క్లాసులోకి వస్తుంటే ఒకడు అనేవాడు, సీ ఈజ్ కేమ్. సైకిలు స్టాండు దగ్గర, క్యాంటీను దగ్గర, ఆఖరికి వేరే బ్రాంచి వాళ్ళు కూడా. అర్థం తెలియకుండానే అనేవాళ్ళు కొందరు. ఇంకోమాట కూడా పుట్టింది. అసలు ఆ పిల్లకి తమ్ముడే లేడట, మార్కుల కోసం కథ అల్లిందట, అబద్ధమని తేలాకే మేడమ్ ఆ పోస్టు తీసేసిందట. ఈ మాట దీవెనకి స్టాఫ్ రూములో తోటి లెక్చరరు చెప్పింది. "నిజమేనా దీవెనా? కథేనా?" అని అడిగింది కూడా.

దీవెన చేతిలో ఉన్న మీటలన్నీ కంప్యూటరులోవే. వరండాలో అనే మాటని ఆపడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఒకరిద్దరిని నిలబెట్టి అడిగింది. "ఇంగ్లీషు సెంటెన్సు ప్రాక్టీసు చేస్తున్నాం మేడమ్," అన్నారు.

శుక్రవారం నుంచి హారిక రాలేదు.

ఆ శనివారం ఇంటికి వెళ్ళినప్పుడు దీవెన వాళ్ళ నాన్నకి చెప్పింది. ఆయన పేరు సత్యవేదం, రిటైరైన బడిపంతులు. డెబ్భై ఏడు ఉప్పెన నాటికి ఆయన నాగాయలంక అవతల ఒక పల్లెలో కొత్తగా ఉద్యోగంలో చేరి ఉన్నాడు. ఆ రోజు తల్లినీ చెల్లెల్నీ పోగొట్టుకున్నాడు. దీవెన ఆ సంగతి మేనత్త నోట విన్నదే గానీ ఆయన నోట ఎప్పుడూ వినలేదు. వసారాలో పడక్కుర్చీలో కూర్చుని ఆయన అంతా విన్నాడు.

"ఆ పిల్లవాడి పేరేంటి?" అన్నాడు.

"ఎవరిది నాన్నా?"

"చచ్చిపోయిన పిల్లవాడిది. ఆ అమ్మాయి రాసిందన్నావుగా."

దీవెన గుర్తు తెచ్చుకోవడానికి చూసింది. పోస్టులో మొదటి లైనులోనే ఉంది ఆ పేరు. తను దాన్ని రెండుసార్లు చదివింది. మడచెట్లు గుర్తున్నాయి, ఇంకొక్క ఓవరు అన్నమాట గుర్తుంది, తప్పుగా రాసిన వాక్యం గుర్తుంది. పేరు గుర్తు రాలేదు.

"మర్చిపోయాను," అంది.

ఆయన తల పంకించాడు. కాసేపటికి, "మాకు అప్పట్లో ఫొటోలు తీసేవాళ్ళు వచ్చేవాళ్ళమ్మా. ఎంతమంది పోయారు అని అడిగేవాళ్ళు. పేర్లు ఎవరూ అడగలేదు. ఇక చెప్పడం మానేశాను," అన్నాడు. వాళ్ళ అమ్మ టీ తీసుకొస్తే అందుకుని, ఆ సంగతి ఇక మాట్లాడలేదు.

సోమవారం దీవెన నానిని పిలిపించింది. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఇస్త్రీ నలగని చొక్కా. స్టాఫ్ రూము ఖాళీగా ఉన్నప్పుడు చూసి రమ్మంది.

"నువ్వూ హారికా ఒకే ఊరివాళ్ళు కదా."

వాడు తలుపు వైపు చూశాడు. "అవునండి."

"వాళ్ళ తమ్ముడు నీకు తెలుసా?"

"తెలుసండి."

"తెలిసే నవ్వు నొక్కావా?"

 నాని నేల చూస్తూ చెప్పాడు. "శనివారం ల్యాబులో నా కుర్చీ వెనక నలుగురు నిలబడ్డారండి. అందరూ నొక్కేశారు, నువ్వొక్కడివే మిగిలావు అన్నారు. నొక్కకపోతే ఎందుకు నొక్కలేదంటారు. నీదీ ఆ ఊరేనా అంటారు. ఫస్టియర్లో ఒకణ్ణి చేపలకంపు అని ఏడిపించి హాస్టలు మాన్పించారండి. నేను బందరు అనే చెప్పుకున్నాను ఇన్నాళ్ళూ."

"వాళ్ళ తమ్ముడి పేరేంటి నానీ?"

"నాగేంద్రబాబండి," అన్నాడు. మళ్ళీ తలుపు వైపు చూశాడు. "వెళ్ళొచ్చా అండి?"

ఆమె వెళ్ళమంది.

రెండు రోజుల తర్వాత పొద్దున వేదిక తెరిస్తే అప్రూవల్ కోసం ఒక పోస్టు ఆగి ఉంది. నాని రాశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. హారిక రాసింది అబద్ధం కాదు, ఆ రోజు నేను కూడా అక్కడే ఆడుతున్నాను అని మొదలుపెట్టాడు. నీళ్ళు లేచినప్పుడు అందరం పరిగెత్తాం, నాగేంద్ర నా వెనకే ఉన్నాడు, అన్నయ్యా అని పిలిచాడు, నేను వెనక్కి తిరిగి చూడలేదు. నాది కూడా గిలకలదిండి. నేను కూడా నవ్వు నొక్కాను. కింద పేరు రాశాడు.

దీవెన చెయ్యి అప్రూవ్ మీదికి వెళ్ళింది. ఇది ఒక్కటి కనిపిస్తే అబద్ధమన్నవాళ్ళ నోళ్ళు మూతపడతాయి. వేలు ఆనించి, ఆగింది. ఆ పోస్టుని కాగితం మీద ప్రింటు తీసుకుని, మధ్యాహ్నం సెలవు పెట్టి, ఆటో ఎక్కి గిలకలదిండి వెళ్ళింది.

హార్బరు దగ్గర బోట్లు అప్పుడే వచ్చినట్టున్నాయి. వేలంపాట జరుగుతోంది. ఐసు దంచుతున్నారు. హారిక వాళ్ళమ్మ నాంచారమ్మ ఎవరని అడిగితే, గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకామెని చూపించారు. కాలేజీ మేడమ్ అనగానే ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది. పాట మధ్యలోనే వదిలేసి ఇంటికి తీసుకెళ్ళింది.

రెండు గదుల ఇల్లు. హారిక గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. దీవెనని చూసి లేచి నిలబడింది. గోడ మీద దేవుడి పటాలు ఉన్నాయి గానీ పిల్లవాడి ఫొటో ఎక్కడా కనిపించలేదు.

"జొరం అంటందండి," అంది నాంచారమ్మ. "ఒళ్ళు పట్టుకుని చూస్తే జొరం లేదు. కాలేజీలో ఏమైందంటే చెప్పదు. వాళ్ళ నాన్న సముద్రం మీద ఏటకెళ్ళి ఐదారు రోజులైంది, వస్తే నన్నడుగుతాడు. మీకేమైనా తెలుసా అమ్మా?"

తల్లి వెనక నిలబడి హారిక తల అడ్డంగా ఊపింది.

"పరీక్షలంటే భయపడుతోందేమో అండి," అంది దీవెన. "నేను మాట్లాడతాను."

నాంచారమ్మ టీ పెడతానని లోపలికి వెళ్ళింది. ఇద్దరూ బయటికి వచ్చి, వలలు ఆరేసిన చోట నిలబడ్డారు.

"అమ్మకి చెప్పకండి మేడమ్," అంది హారిక. "వాడి గురించి మా ఇంట్లో ఎవరం మాట్లాడం. నేను రాశానని తెలిస్తే, రాసినందుకు కాదు, అది చూసి నవ్వారని తెలిస్తే తట్టుకోలేదు. టిఫినుకి పిలుచుకు రమ్మని పంపింది తనే కదండీ."

దీవెన కాగితం తీసి ఇచ్చింది. "ఇది నాని రాశాడు. నిన్ను అడక్కుండా పెట్టకూడదని తెచ్చాను."

హారిక చదివింది. ఒకచోట ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. కాగితాన్ని మడిచింది.

"వద్దండి."

"అబద్ధమన్నవాళ్ళకి సమాధానం అవుతుంది కదమ్మా."

"మా తమ్ముడు చచ్చిపోయాడని నమ్మించడానికి సాక్షి కావాలా అండి?"

దీవెన తడబడింది. "బొమ్మలు తీసేయించాను. ఈసారి ఎవరూ నవ్వు నొక్కలేరు."

"నోటితో అంటారండి. ఇప్పుడు అన్నయ్యా అన్న మాట పట్టుకుంటారు. నేను క్లాసులోకి రాగానే అన్నయ్యా అంటారు." హారిక కాగితాన్ని గుప్పిట్లో బిగించింది. "వాడు ఆఖరికి ఆ మాట అన్నాడని నాకు ఇప్పుడే తెలిసింది. అది వాళ్ళ నోట్లో పడనివ్వను."

ఆమె కాగితం తిరిగి ఇవ్వలేదు. దీవెన అడగలేదు.

"కాలేజీకి రావా?" అని మాత్రం అడిగింది.

"రానండి."

"నానికి ఏమని చెప్పమంటావు?"

హారిక ఆలోచించింది. "ఇదంతా అక్కడ రాయడం దేనికండి. వాడు మా ఇంటికి వచ్చి నాలుగేళ్ళైంది. దారిలో ఎదురొస్తే పక్క సందులోకి తిరుగుతాడు. చెప్పాలనుంటే మా ఇంటికి వచ్చి చెప్పమనండి."

దీవెన నానికి ఆ మాట చెప్పింది. వాడి పోస్టుని అప్రూవ్ చేయలేదు, తీసేయనూ లేదు. అది అలాగే ఆగి ఉంది. నాని ఆ ఆదివారం వెళ్ళాడు. తర్వాత వచ్చి ఆమెకి చెప్పాడు. నాంచారమ్మ వాణ్ణి చూసి ఎంతో సంబరపడిందట. ఎంత పొడుగైపోయావురా అందట. కూర్చోబెట్టి అన్నం పెట్టిందట, చేపల పులుసు వేసిందట. హారిక లోపలి గదిలోంచి బయటికి రాలేదు.

"చెప్పావా?" అంది దీవెన.

"లేదండి. ఆవిడ ఎదురుగా కూర్చుని వడ్డిస్తోంది. తిని వచ్చేశాను."

నెలాఖరుకి కమిటీ వచ్చింది. ముందురోజే అప్పారావు బొమ్మలు మళ్ళీ పెట్టాడు. సాంబశివరావు గారు వాళ్ళని ల్యాబుకి తీసుకొచ్చి, పెద్ద తెర మీద వేదిక తెరిచి చూపించారు. పేజీల కొద్దీ పోస్టులు, వాటి కింద వరసగా చప్పట్లు. కమిటీలో ఒక పెద్దాయన దీవెన వైపు తిరిగి, పిల్లలు అసభ్యంగా రాస్తే ఏం చేస్తారని అడిగాడు.

"ఈ క్లాసు వేదిక మీద ఒక్క చెడ్డమాట కూడా పడలేదండి," అంది దీవెన. అది నిజమే. ఆయన చాలా బాగుందన్నాడు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. సాంబశివరావు గారు తృప్తిగా తలాడించారు. ఆ తర్వాత ఆయనే ఒకసారి వరండాలో ఆగి, "ఆ గిలకలదిండి అమ్మాయి ఏమైందమ్మా?" అని అడిగారు. టీసీ తీసుకుందని ఆమె చెప్పింది. ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయారు.

టీసీ కోసం హారిక వాళ్ళ నాన్న గంగరాజు వచ్చాడు. ఎండకి నల్లబడ్డ మనిషి. ఆఫీసు ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. పిల్లకి ఇంజినీరింగు కష్టంగా ఉందట అండి, డిగ్రీ చదువుకుంటానంది, గుడివాడ పక్క పల్లెలో మా మరదలు ఉంది అన్నాడు. దీవెన ఆయన పక్కనుంచే వెళ్ళింది. నమస్కారం పెట్టింది. ఇంకేమీ చెప్పలేదు.

సంవత్సరం తిరిగేసరికి వేదిక దానంతటదే మూలపడింది. పిల్లలు సెల్‌ఫోన్లలో, నెట్ సెంటర్లలో వాళ్ళ గ్రూపులు వాళ్ళు పెట్టుకున్నారు. అక్కడ మోడరేటర్లు ఎవరూ లేరు. ల్యాబు సర్వరు మార్చినప్పుడు అప్పారావు పాతదంతా తుడిచేశాడు. నాని పోస్టు అప్పటికీ ఆగే ఉంది. దాంతోపాటే పోయింది. నాని నాలుగేళ్ళ చదువూ పూర్తి చేశాడు గానీ, దీవెన క్లాసులో ఎప్పుడూ తలెత్తి ఆమెని చూడలేదు.

హారిక టీసీ తీసుకున్న మరుసటి ఏడు వేసవిలో పరీక్షల డ్యూటీకి వెళ్ళి తిరిగి వస్తూ, గుడివాడ బస్టాండులో దీవెన హారికని చూసింది. ఇద్దరు ఆడపిల్లలతో కలిసి చెరకురసం తాగుతోంది. కొంచెం ఒళ్ళు చేసింది. ముందు ఆ పిల్లే చూసి, స్నేహితులతో ఏదో చెప్పి, ఒక్కతే ఇటు వచ్చింది.

"బాగున్నారా అండి?"

"బాగున్నాను. నువ్వెలా ఉన్నావు? చదువు ఎలా ఉంది?"

"బాగుందండి. ఫస్టు క్లాసు వస్తోంది. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. మీరు కూడా వాళ్ళ ముందు ఏమీ అనకండి."

"అనను," అంది దీవెన. కాసేపు ఇద్దరూ వచ్చే బస్సుల వైపు చూశారు. ఏడాదిగా మనసులో ఉన్నమాట దీవెన అప్పుడు అంది. "ఆ రోజు నిన్ను అడిగి తీయాల్సింది హారికా."

"అడిగితే వద్దనేదాన్నండి," అంది హారిక. "ఉంచమనేదాన్ని."

"కింద అవన్నీ ఉన్నా కూడానా?"

"ఉన్నా కూడానండి. ఎంతమంది నవ్వినా, నేను రాసింది పైన ఉండేది కదా."

 అవతల నుంచి స్నేహితులు పిలిచారు. కైకలూరు బస్సు వచ్చింది, జనం తోసుకుంటున్నారు. హారిక "వస్తానండి," అని చెప్పి, పుస్తకాలు గుండెకి హత్తుకుని, ఆ తోపులాటలోకి పరిగెత్తింది. ముగ్గురూ ఎక్కారు. బస్సు కదిలింది. ఆ పిల్ల కిటికీ దగ్గర కూర్చున్నదేమో అని దీవెన చూసింది గానీ, నిలబడ్డ జనంలో కనిపించలేదు. బందరు బస్సు ఇంకా రాలేదని పక్కనున్నామె అంటే, అవునని, బెంచీ మీద జరిగి ఆమెకి చోటిచ్చింది.